ఏ ఫంక్షనూ లేకుండా రెండు వారాలు సెలవు పెడుతున్నాను. ఎలా గడిపితే నిజంగా తేరుకుంటాను?

కొబ్బరాకు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాకినాడకి దగ్గర్లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచిలో ఆఫీసరుగా పనిచేస్తున్నాను. వయసు 41. బంగారం మీద అప్పులు, డ్వాక్రా సంఘాల అప్పులు, రైతుల కేసీసీ (కిసాన్ క్రెడిట్ కార్డు) రెన్యువల్స్ నా సీటు. దాంతోపాటు స్ట్రాంగ్ రూము తాళాల్లో ఒక సెట్టు నా దగ్గరే ఉంటుంది. తాళాలు మోసినవాళ్లకి తెలుస్తుంది అది ఎంత బరువో. పొద్దున్న నేనూ, రెండో సెట్టు ఉన్న ఆయనా ఇద్దరం వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. సాయంత్రం క్యాషూ, బంగారం ప్యాకెట్లూ లెక్క కుదిరాకే మూసుకుంటుంది. ఒంట్లో బాగోకపోయినా ముందు వచ్చే ఆలోచన మాత్ర వేసుకోవడం గురించి కాదు, తాళాలు ఎవరికి అప్పగించాలా అని.

డిసెంబరు 1 నుంచి 15 దాకా పీఎల్ (జీతంతో వచ్చే సెలవు) అడిగాను. నవంబరులో కుదరదు, అది పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ల నెల. ఫోన్లోనే జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) చేసుకునేవాళ్లు పెరిగారు గానీ, మా చుట్టుపక్కల ఊళ్ల పెద్దవాళ్లకి బ్రాంచికి వచ్చి వేలిముద్ర వేసి, "అయిపోయిందండి" అని మా నోట వింటేనే నమ్మకం. డిసెంబరు ఆఖర్లో క్వార్టర్ క్లోజింగ్. జనవరిలో సంక్రాంతి. ఫిబ్రవరి, మార్చి సంగతి బ్యాంకు వాళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి నాకు కనిపిస్తున్న ఖాళీ ఆ రెండు వారాలే.

మాకు సెలవులు తక్కువేం కాదు. పదకొండు రోజులు పనిచేస్తే ఒక రోజు పీఎల్ జమవుతుంది, అది కాక ఏడాదికి 12 సీఎల్‌లు (క్యాజువల్ లీవులు). ఇన్నేళ్లలో వాడిన పీఎల్ దేనికి వాడానా అని మొన్న కూర్చుని గుర్తు చేసుకున్నాను. మరిది పెళ్లి. ఆడపడుచు గృహప్రవేశం. అత్తయ్యగారి మోకాలి ఆపరేషన్. పాప పదో తరగతి పరీక్షలు. నాన్నగారి సంవత్సరీకం. ఇవన్నీ ఇష్టంగా చేసినవే, మళ్లీ వస్తే మళ్లీ చేస్తాను. కానీ ఇందులో ఒక్కటి కూడా విశ్రాంతి కాదు. పెళ్లింట్లో "బ్యాంకులో బంగారం చూసే మనిషివి కదా" అని నగల పెట్టె నాకే అప్పగిస్తారు. ఎల్‌ఎఫ్‌సీ మీద, అంటే బ్యాంకు ఇచ్చే ప్రయాణ ఖర్చుతో, కాశీ, ప్రయాగ, అయోధ్య వెళ్లొచ్చాం. దర్శనాలు బాగా జరిగాయి. తెల్లవారుజామున సామర్లకోటలో రైలు దిగి, స్నానం చేసి బ్రాంచికి వెళ్లాను.

ఈసారి సెలవు అడిగితే మేనేజరు గారు "ఏం ఫంక్షన్ మేడం?" అన్నారు. ఇంట్లో చెబితే అత్తయ్యగారు "ఎవరిది పెళ్లి?" అన్నారు. ఇద్దరూ మంచివాళ్లే, ఎగతాళికి అన్నది కాదు. ఊరికే సెలవు పెట్టే మనిషిని వాళ్లు చూడలేదు. నాకూ నోట మాట రాలేదు. "అలిసిపోయాను" అని మాత్రం అన్నాను. "అయితే ఒక శనివారం కలుపుకో" అన్నారు.

శనివారం సరిపోదండి. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. రాగానే తలలో ఏదో ఒక ఖాతా నంబరు తిరుగుతుంటుంది. ఆదివారం మధ్యాహ్నం నాలుగు దాటితే కడుపులో టెన్షన్ మొదలు. వీటన్నిటికంటే నన్ను బాధపెడుతున్నది ఇంకొకటి ఉంది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. పుస్తకాలు పట్టుకుని గుంపుగా వస్తారు, ఒకరి వాయిదా ఒకరు సర్దుతారు, లోను శాంక్షన్ అయిన రోజు బ్రాంచి అంతా సందడే. వాళ్లు లోపలికి వస్తుంటే ఈమధ్య నాకు "ఇప్పుడే రావాలా" అనిపిస్తోంది. ఆ మాట పైకి అనలేదు, పనిలో లోటూ చేయలేదు. కానీ నాకు అలా అనిపించడమే నాకు నచ్చట్లేదు. ఆ ఇష్టం నాకు తిరిగి కావాలి. ఈ సెలవు అందుకే.

మూడు ఆలోచనలు ఉన్నాయి. ఏలూరు దగ్గర విజయరాయిలో పది రోజుల విపశ్యన మౌన ధ్యాన శిబిరం. లేదా అరకు వైపు. లేదా అంబాజీపేట దగ్గర మా అమ్మ ఇల్లు. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, మావారు స్కూలు టీచరు. వాళ్లు "వెళ్లిరా" అంటున్నారు గానీ నాకే మనసు ఒప్పట్లేదు. నిజంగా విశ్రాంతి తీసుకుని తేరుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి. ఫోను సంగతి కూడా.

పీహెచ్‌సీ డాక్టరు

అమ్మా, టికెట్లు తీసుకునే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, షుగర్. పరగడుపున ఇస్తే అన్నీ ఒక్క రోజులో అయిపోతాయి. "పని ఎక్కువై అలిసిపోయాను" అనుకుంటూ ఏళ్లు నెట్టుకొచ్చి, చివరికి రక్తహీనతో థైరాయిడో బయటపడిన ఆడవాళ్లని నేను చాలామందిని చూస్తుంటాను. 40 దాటాక నెలసరి ఆగే ముందు వచ్చే మార్పుల వల్ల కూడా తెల్లవారుజామున మెలకువ వస్తుంది. నెలసరి ఎలా ఉంటోందో డాక్టరుకి దాచకుండా చెప్పండి. రక్తహీనత ఉంటే అరకు గాలి దాన్ని తగ్గించదు.

పరీక్షలన్నీ బాగుంటే, మీరు రాసింది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జాబితాలో బర్నౌట్ పేరుతో ఉన్నదానికి దగ్గరగా ఉంది. దాన్ని వాళ్లు జబ్బుగా చేర్చలేదు, పనిచేసే చోట ఒత్తిడి చాలాకాలం అలాగే ఉండిపోతే వచ్చే స్థితిగా చేర్చారు. ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, పని సరిగా చేయలేకపోతున్నానన్న భావన, ఈ మూడూ దాని గుర్తులు. డ్వాక్రా వాళ్ల గురించి మీరు రాసింది రెండోది. దాన్ని ముందుగానే పట్టుకున్నారు, అది మంచి సంగతి.

సెలవు అయిపోయాక కూడా నిద్ర రాకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్యుణ్ని కలవండి. 14416కి ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ముంబైలో నరసాపురం

మేడం, నేనూ బ్యాంకే. ముంబైలో ట్రెజరీ, అంటే బ్యాంకు తరఫున బాండ్లు కొని అమ్మే డెస్కు. నా అనుభవం మీకు నేరుగా పనికొస్తుందనిపించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా లాంటి సీట్లకి రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి ఉంది. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లని ఏడాదికోసారి కనీసం 10 పనిదినాలు ఒకే విడతలో, ముందు చెప్పకుండా సెలవు మీద పంపాలి. 2015లోనే తప్పనిసరి సెలవు గురించి ఒక సర్క్యులర్ ఉండేది, 2021 జులైలో దాన్ని ఇంకా బిగించారు. ఆ పది రోజులూ మన పనికి సంబంధించిన ఏ సిస్టమూ, ఏ కాగితమూ మనకి అందకూడదు. అందరికీ ఉండే ఆఫీసు మెయిలు ఒక్కటే ఉంటుంది. ఇది మన విశ్రాంతి కోసం పెట్టింది కాదు. లెక్కల్లో ఏదైనా దాచిపెట్టిన మనిషి రోజూ తన చేత్తో దాన్ని సర్దుకోవాలి. పది రోజులు ఆ సీట్లో ఇంకొకరు కూర్చుంటే అది బయటపడుతుంది. అందుకని పెట్టారు.

నాకు వచ్చిన రోజు పొద్దున్న డెస్కు దగ్గరికి వెళ్లకముందే హెచ్ఆర్ నుంచి కబురు. లాగిన్ ఆగిపోయింది. ఇంటికి తిరిగొచ్చి సోఫాలో కూర్చుంటే కాళ్లు ఆడలేదు. ఏం చేయాలో తెలియదు. ఆ రోజు పదేళ్ల ప్రభుత్వ బాండు రేటు ఎంతలో ఉందో చూడకుండా ఉండలేకపోయాను. మర్నాడూ అంతే. ఎవరైనా ఫోను చేసి ఏదైనా అడిగితే బాగుండునని ఉండేది. ఎవరూ చేయలేదు. నిబంధన ప్రకారం నా పని నాకు అందకూడదు గనక నన్ను అడిగి లాభమూ లేదు. మొదటి వారాంతం దాటాక ఒకరోజు పగలు నిద్రపోయి సాయంత్రం లేచాను. అక్కణ్నుంచి మారింది.

నాకు అర్థమైంది ఏమిటంటే, అంతకుముందు నేను గోవా వెళ్లినా, తిరుపతి వెళ్లినా ఫోను జేబులో ఉండేది, జవాబు నా నాలుక మీద ఉండేది. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదు గానీ, ఒక్క మాట" అంటూ వచ్చే ఫోను నిమిషంలో అయిపోతుంది. కానీ ఆ నిమిషం వస్తుందేమోనని రోజంతా మనసు సిద్ధంగా కూర్చుంటుంది. అలసట తీరనిది అందువల్లే. చోటు మారితే కాదు, మనల్ని అడిగే వీలు లేకుండా పోతేనే విశ్రాంతి మొదలవుతుంది. ఎక్కడికి వెళ్తున్నారన్నది నా లెక్కలో దాని తర్వాతి సంగతి.

కాబట్టి మీరు ఒక పని చేయండి. మీ బ్యాంకులో ఏయే సీట్లని కీలకమైనవిగా గుర్తించారో హెచ్ఆర్‌ని అడగండి. ఆ జాబితా ఒక్కో బ్యాంకుది ఒక్కోలా ఉంటుంది, తాళాలు, బంగారం అప్పులు చూసే సీటు అందులో ఉందో లేదో కనుక్కోవాలి. ఉంటే పది పనిదినాల సెలవు మీకు ఎలాగూ రావాలి. మేనేజరు గారికి కూడా ఆ మాట చెప్పడం తేలిక. కానీ అది చెప్పకుండా వస్తుంది, మీరు కోరుకున్న డిసెంబరులోనే రాదు. కాబట్టి మీ పీఎల్ మీరు పెట్టుకోండి, వదలకండి. "ఐదు రోజులు చాలదా" అంటే ఒప్పుకోవద్దు. మొదటి నాలుగైదు రోజులు పని వదిలించుకోవడానికే పోతాయి. అప్పుడే తిరిగొచ్చేస్తే కష్టపడ్డ భాగం మీకు, మిగిలింది ఎవరికీ కాదు.

ఇంకొక మాట. నేను రెండో వారం నరసాపురం వెళ్లాను. దిగిన సాయంత్రానికే కబుర్లు మొదలయ్యాయి. ఫలానా వాళ్లబ్బాయి నిశ్చితార్థం, ఎలాగూ ఊళ్లో ఉన్నావు కదా. అమ్మ గుమ్మంలోనే నిలబడి "వాడు ఎక్కడికీ రాడు, ఒంట్లో బాగోలేదు" అని చెప్పింది. అది అబద్ధమేం కాదు. మీరు అంబాజీపేట వెళ్తే ముందుగా అమ్మగారితో ఈ మాట అనుకోండి.

మూడు పూటల మౌనం

అక్కా, విజయరాయి గురించి నేను చెప్తాను, అక్కడ కోర్సు పూర్తి చేశాను. నా జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటి, అందులో సందేహం లేదు. కానీ నువ్వు అడిగిన విశ్రాంతి అది కాదు. అది పని. చాలా కష్టమైన పని.

తెల్లవారుజామున 4కి గంట కొడతారు. నాలుగున్నరకి ధ్యానం మొదలైతే మధ్యలో విరామాలు పోను రోజుకి సుమారు పది గంటలు కూర్చోవాలి. ఆరున్నరకి టిఫిను, 11కి భోజనం, సాయంత్రం 5కి కొత్తవాళ్లకి టీ, పండు. రాత్రి భోజనం ఉండదు. 7కి ప్రవచనం రికార్డు, తెలుగులో వింటాం. తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. ఫోను, పుస్తకం, పెన్ను ఏవీ దగ్గర ఉండవు. పక్క మంచం ఆవిడతో కళ్లతో కూడా పలకరించుకోకూడదు. పదో రోజున మాట్లాడనిస్తారు, మర్నాడు పొద్దున్న పంపిస్తారు. వెళ్లే రోజు కూడా కలుపుకుంటే నీ రెండు వారాల్లో పన్నెండు రోజులు అందులోకే పోతాయి.

మొదటి మూడు రోజులూ కేవలం శ్వాస గమనించడమే. నాలుగో రోజు నుంచి రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోమంటారు. మోకాళ్లు, నడుము నొప్పి ఎలా ఉంటాయంటే ఏడుపొచ్చేస్తుంది. నిజంగా కూర్చోలేనివాళ్లకి కుర్చీ ఇస్తారు, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఇంకో సంగతి, నిశ్శబ్దంలో ఇన్నాళ్లూ అణిచిపెట్టినవన్నీ పైకి వస్తాయి. నాకు ఎప్పుడో పోయిన అన్నయ్య మీద కోపం వచ్చింది. దాన్ని తట్టుకునే బలం ఉన్నప్పుడు వెళ్లాలి. రాత్రిళ్లు మూడింటికి లేచి కూర్చుంటున్న మనిషి ముందు నిద్రపోవాలి, నాలుగింటి గంట తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు విషయంలో అనుమానం ఉంటే, వాళ్లు ఏమీ తీసుకోరు. కోర్సు పూర్తయ్యాక ఇవ్వాలనిపిస్తే ఇవ్వచ్చు, లేకపోతే లేదు. పూర్తి చేయనివాళ్ల దగ్గర విరాళం కూడా తీసుకోరు. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడుగుతారు, మందులు వాడుతుంటే నిజం రాయాలి.

నా మాట విని వచ్చే ఏడు వెళ్లు. ఈసారి మీ అమ్మ దగ్గరికి వెళ్లి అన్నం తిని పడుకో.

బట్టలకొట్టు అకౌంటెంటు

నేను హైదరాబాదులో ఒక బట్టల షోరూములో అకౌంట్స్ చూస్తాను. మేడం గారు సెలవు పెట్టుకోవాలా వద్దా అని ఇంకా మనసులో అనుకుంటుంటే, దయచేసి పెట్టుకోండి. మా దగ్గర నెలకి నాలుగు వారపు సెలవులు కాకుండా ఇంకొకటి అడగాలంటే భయం. దుకాణాల చట్టం ప్రకారం 240 రోజులు పనిచేసినవాళ్లకి మర్నాటి ఏడాదిలో 15 రోజులు జీతంతో సెలవు ఉంటుంది, వాడకపోతే 60 రోజుల దాకా పోగవుతుంది. ఈ సంగతి మా షోరూములో సేల్స్ పిల్లలకి ఎవరికీ తెలియదు. నాకూ మా ఆడిటరు గారు చెప్పేదాకా తెలియదు. ఇది చదివేవాళ్లలో కొట్లలో పనిచేసేవాళ్లు ఉంటే తెలుసుకుంటారని రాస్తున్నాను.

నేను తెలుసుకున్నాక 21వ తేదీన మొదలుపెట్టి నెలాఖరు దాకా పెట్టాను. నెలనెలా 7న టీడీఎస్ పన్ను కట్టాలి, 11న జీఎస్టీఆర్ 1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. 20 దాటితే మళ్లీ నెల మొదలయ్యేదాకా నన్ను అంతగా ఎవరూ వెతకరు. ఆషాఢం సేల్స్ కాని నెల చూసుకున్నాను. యజమాని కాసేపు ఆలోచించి సరే అన్నారు. ఆ రోజులన్నీ మా ఊళ్లో మా నాన్నతో కూర్చున్నాను. ఆయనకి ఇప్పుడు వినికిడి తక్కువ, గట్టిగా మాట్లాడాలి. అంత తీరిగ్గా నాన్నతో మాట్లాడి ఎన్నేళ్లయిందో.

ఘాట్ రోడ్డు

డిసెంబరులో అరకు అంటే శని, ఆదివారాలు మర్చిపోండి. గదులకి రేట్లు పెరిగిపోతాయి, రోడ్డు మీద కార్లు ఆగిపోతాయి, వలిస పూల తోటల్లో ఫొటోల కోసం తోపులాట. మీరు ఉన్న స్థితిలో అది మిమ్మల్ని ఇంకా అలసగొడుతుంది.

నన్నడిగితే అరకు దాకా వెళ్లక్కర్లేదు, దారిలోనే అనంతగిరిలో ఆగిపోండి. సోమవారం వెళ్లి గురువారం తిరిగి రండి. విశాఖ కాంప్లెక్సులో అరకు బస్సు ఎక్కితే ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది, ఆ మీదే అనంతగిరి. టూరిజం వాళ్ల హరిత రిసార్టు ఉంది. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి ఉంటాయి. డిసెంబరులో కాఫీ పండు ఎర్రబడి కోతలు నడుస్తుంటాయి, గిరిజన ఆడవాళ్లు పొద్దున్నే బుట్టలు కట్టుకుని తోటల్లోకి దిగుతారు. తోట అంచున రోడ్డు మీద నడుస్తూ చూడండి. పండు నోట్లో వేసుకుంటే పైన గుజ్జు తియ్యగా ఉంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

రైల్లో వెళ్లాలనుంటే కిరండూల్ ప్యాసింజరు విశాఖలో పొద్దున్నే బయల్దేరుతుంది, ముందురోజు రాత్రి విశాఖలో ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి 1960లలో వేసిన లైను అది, 50కి పైగా సొరంగాలు. బాగుంటుంది. కానీ అద్దాల పెట్టె కోసం టికెట్ వేట మొదలుపెట్టకండి, మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా అదే కొండ. బొర్రా గుహలు, చాపరాయి, మ్యూజియం, కటికి జలపాతం అన్నీ ఒక్క రోజులో చూపిస్తామనే ప్యాకేజీల జోలికి మాత్రం పోవద్దు. అక్కడ ఏమీ చూడకుండా కూర్చోవడానికి వెళ్లండి. స్వెట్టరూ మంకీ క్యాపూ తప్పనిసరి, తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది.

కొబ్బరాకు

అందరికీ చాలా కృతజ్ఞతలు. డాక్టరు గారూ, శనివారం రక్తం ఇచ్చాను. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది, మిగతావి బాగానే ఉన్నాయి. మాత్రలు మొదలుపెట్టారు. మీరు చెప్పకపోతే ఈ పరీక్ష చేయించుకునేదాన్ని కాదు.

నరసాపురం గారూ, మీ ఉత్తరం మావారికి చదివి వినిపించాను. హెచ్ఆర్‌ని అడిగాను, జవాబు ఇంకా రాలేదు. కానీ మేనేజరు గారితో మళ్లీ మాట్లాడాను. ఫంక్షను లేదని, తిరిగి రావడానికే వెళ్తున్నానని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, తన పీఎల్ సంగతి చెప్పారు, ఆయనవి నిండిపోయి వృథా అవుతున్నాయట. నా సెలవు మీద సంతకం చేశారు. పూర్తి రెండు వారాలూ.

విపశ్యన వచ్చే ఏడాదికి. చెల్లీ, నువ్వు చెప్పిన తీరుకే దాని మీద గౌరవం పెరిగింది. అంబాజీపేటలో అమ్మ దగ్గర ఎక్కువ రోజులు, మధ్యలో నాలుగు రోజులు అనంతగిరి. నాతో చదువుకున్న స్నేహితురాలు వస్తానంది, తను ఆస్పత్రిలో నర్సు, తనకీ ఇది అవసరమే. అప్పటికి మా ఊళ్లో సార్వా వరి కోతలు అయిపోయి చేలన్నీ ఖాళీగా ఉంటాయి. కాలవ గట్టు మీద నడవచ్చు. అమ్మతో ముందే చెప్పేశాను, ఏ పేరంటానికీ పంపొద్దని. "పంపను గానీ నువ్వు నాతో అష్టాచెమ్మా ఆడాలి" అంది.

పాప విషయం. నేను భయపడ్డంత లేదు. తనే ఒక కాగితం మీద ఏ పూట ఎవరు ఏం వండాలో రాసుకుంది, వాళ్ల నాన్న పేరు రెండు పూటలకీ ఉంది. అత్తయ్యగారు మాత్రం ఇంకా "అన్ని రోజులా" అంటూనే ఉన్నారు. ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియట్లేదు. ఆవిడ 27 ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేశారు, ఎప్పుడూ తనకోసమని ఒక్క రోజు ఆగలేదు. ఆవిడని నొప్పించడం ఇష్టం లేదు.

ఫోను, తాళాల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పగలరా?

ముంబైలో నరసాపురం

మేడం, సంతకం అయిందంటే సగం పని అయినట్టే.

తాళాలు వెళ్లే ముందురోజు సాయంత్రం క్లోజింగ్ అయ్యాక, మీ కళ్ల ముందే కీ రిజిస్టరులో రాసి, తీసుకున్నవాళ్లతో, మేనేజరుతో సంతకం పెట్టించి ఇవ్వండి. బంగారం ప్యాకెట్లు కొన్ని తీసి ఖాతాలతో సరిచూసుకోమని తీసుకునేవాళ్లకే చెప్పండి. అప్పుడు రాత్రి మూడింటికి మీ మనసుకి మోయడానికి ఏమీ మిగలదు. సిస్టమ్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ఎంత అవసరమన్నా సరే. సెలవులో మీ ఐడీ నిలిపివేయమని మేనేజరుకి మెయిలు పెట్టండి. ఆ రోజుల్లో గడువు ఉన్న కేసీసీలు, రావాల్సిన సంఘాల పేర్లు ఒక పేజీ రాసి మీ సీట్లో కూర్చునే ఆయనకి ఇచ్చి, దాని కింద "సందేహం వస్తే మేనేజరు గారిని అడగండి" అని రాయండి. మీ నంబరు రాయొద్దు. బ్రాంచి వాట్సాప్ గ్రూపుని మ్యూట్ చేస్తే చాలదు, రెండు వారాలకి బయటికి వచ్చేయండి, తిరిగొచ్చాక మళ్లీ చేర్చుకుంటారు. ఇంటివాళ్ల కోసం ఇంకో మామూలు ఫోను పెట్టుకుని, బ్యాంకు వాళ్లకి తెలిసిన సిమ్ ఉన్న ఫోనుని మీ వారికి అప్పగించండి.

అత్తయ్యగారికి మీరు నచ్చజెప్పక్కర్లేదు అనుకుంటాను. అంబాజీపేట నుంచి వచ్చాక, మీ బాకీ సెలవుల్లోంచి ఒక నాలుగు రోజులు ఆవిడకి ఇవ్వండి. వంటగదిలోకి రానివ్వకుండా. ఆవిడ ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో ఆవిణ్నే అడగండి, ఏదో ఒక ఊరు ఉండే ఉంటుంది.